వెనక సీటు

కార్ల కంపెనీలో సీట్లు తయారుచేయించే ఇంజనీరు, అక్క కొన్న కొత్త కరెంటు కారు చుట్టూ తిరిగి చూశాడు. అందరికీ అందాలని అతని కంపెనీయే తెచ్చిన చిన్న కారు అది.

“అంతా బాగుందిరా తమ్ముడూ. వెనక కూర్చుంటేనే అమ్మకి నడుం పట్టేస్తోంది.”

“సీటు గట్టిదక్కా.”

“చవక బండి కదా, సర్దుకోవాలిలే.”

“చవకని కాదు. మెత్తటిది వేసినా ఖర్చు అంతే. ఇందులోనే హాయిగా ఉంటే మన ఖరీదైన కారు ఎవరు కొంటారన్నారు పైవాళ్లు.”

“మరి నువ్వేమన్నావు?”

“సరేనన్నాను.”

అక్క వెనక సీటుని చేత్తో నొక్కి చూసింది. అతనికి తల తీసేసినట్టయింది.

“అమ్మకి నేనే చెప్తానక్కా.”

“వద్దురా. ‘నా కొడుకు చేసిన సీటుకి వంకేంటి, నా నడుమే పాతబడింది’ అని అందరితో చెప్పుకుంటోంది.”