పడాలు ఇంటి గోడకి కన్నం

కన్నయ్య పడాలని కొండమీద ఊళ్లో ఒకాయన ఉండేవోడు. ఆయన పెళ్లాం చిన్నాలమ్మ. ఏమైందంటే, చోళ్లు, అదే రాగులు, తిరగలేసి తిరగలేసి ఆవిడకి కుడిభుజం పడిపోయింది. సెయ్యెత్తి కొప్పు ముడుసుకోలేదు, పడాలే ముడేసేవోడంట. నవ్వకండి, ఆ మడిసికి పెళ్లామంటే అంత పేణం. అప్పుడే కింద నుంచి ఎవలో వచ్చి, అడివిలో కానుగ గింజలేరి ఇవ్వండి, వాటి నూనితో బయోడీజిలు సేసిస్తాం, దాంతో నడిసే ఇంజనూ పిండిమరా ఇస్తాం అన్నారంట. పడాలు ఇంటింటికీ తిరిగి అందరిసేతా గింజలేరించాడు. ఇంజనొచ్చింది, వాగుపక్క రేకులపాకలో పెట్టారు. ఆ రోజు పెళ్లాంతో, ఇంక నువ్వు తిరగలి ముట్టుకుంటే నామీదొట్టే అన్నాడు. ఒట్టంటే ఆళ్లకి ఒట్టే మరి, మనలాగ కాదు.

బాగానే నడిసింది, అనుకో. పుష్యమాసం వచ్చింది. మన సలి కాదమ్మా అది, గడ్డిమీద మంచు పేరుకుపోయే సలి. తెల్లారి పడాలు ఎల్లి సూస్తే ఏటుంది, డబ్బాలో బయోడీజిలు నెయ్యిలాగ పేరిపోయుంది. ఇంజను తిప్పితే ఒకపాలి దగ్గింది, ఊరుకుంది. సరే అని డబ్బా ఇంటికి తెచ్చి, పొయ్యికి ఎడంగా పెట్టి కరగబెట్టి, గొంగడి సుట్టి మోసుకెళ్లి పోశాడు. కాసేపు ఆడింది. మళ్లీ ఇంజనులోకి నూని ఎల్లే సన్నగొట్టంలో పేరిపోయి ఆగిపోయింది. ఇలాగే రోజూనూ. ఊళ్లో ఆడోళ్లు గొణుక్కుంటా తిరగళ్లు దింపుకున్నారు. చిన్నాలమ్మకేమో ఒట్టు. ఇంట్లో అంబలికి పిండి లేదు. ఏం సేస్తాడు, పడాలే తిరగలికాడ కూకున్నాడు. మగోడు తిరగలేస్తన్నాడని ఊరంతా తడికిసందుల్లోంచి సూసి నవ్వింది. చిన్నాలమ్మ వచ్చి పక్కన కూకుంది. అప్పుడంది గదా, "మావా, నూని పొయ్యికాడుంటే బాగానే ఉంటంది. ఇంజనేం పాపం సేసిందని దాన్నొక్కదాన్నీ సలిలో ఒగ్గేసినావు?"

పడాలు తిరగలి ఆపేశాడు. పొద్దెక్కేలోగా ఊళ్లో మగోళ్లందరూ ఇంజనుకీ మరకీ దుంగలు కట్టి, పెళ్లికూతుర్ని తెచ్చినట్టు మోసుకొచ్చి ఇంట్లో పెట్టారు. మరి పొగో? పడాలు గునపం తీసుకుని తన ఇంటి గోడకే పొడిసేశాడు, పొగగొట్టం బయటికెట్టాడు. పొయ్యి సెగకి ఇంజను ఎచ్చబడి గడగడా ఆడింది. ఆనాటి నుంచి సలికాలమంతా ఇంజను ఆళ్లింట్లోనే. ఆడోళ్లు గంపలట్టుకొచ్చి కూకునేవోరు, పిల్లలు దాని పక్కనే తొంగునేవోరు. ఆ సప్పుట్లో ఒకళ్ల మాట ఒకళ్లకి ఇనపడేది కాదు, అయినా ఎన్ని కబుర్లనుకున్నారు! తలుసుకుంటే ఇప్పటికీ బాగుంటాదని ఆ ఊరోళ్లంటారు. అలాటి సలికాలాలు మళ్లీ రాలేదంట.

తరవాత కరెంటొచ్చింది, ఇంజను పోయింది. పడాలూ పోయాడు. ఆ కన్నం మాత్రం అలాగే ఉంది. కొడుకు మట్టి తడిపి పూడ్సబోతే చిన్నాలమ్మ సెయ్యట్టుకుని ఆపిందంట. "ఒగ్గీరా. అది నా భుజం కోసం మీ అయ్య పొడిసిన గోడ" అంది.

మీరెప్పుడైనా ఆ ఇంటికెళ్తే అంబలి పోస్తాది, బాగుంటాది. కన్నానికి ఎదురుగా మాత్రం కూకోకండి, ఈదరగాలి తిన్నగా ఈపుకే కొడతాది.