మా ఆవిడ పాత ఫోన్

కోప్పడకు బాబూ, పిలిస్తే పలకడం కూడా తప్పేనా?

ఈ ఆఫీసులో కంప్యూటర్లు చూసేది నువ్వేనట కదా, నువ్వే చెప్పు. మీ అకౌంట్స్‌లో పనిచేసే మా ఆవిడ కొత్త ఫోన్ కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టింది. మీ మెయిలూ, కేలెండరూ అందులోంచి తీసెయ్యాలని ఆవిడకి గుర్తులేదు, నాకు తెలీదు. పేపరు చదువుకుంటుంటే టింగుమంది. ఏదో మీటింగట, వస్తారా అని. ఎంత మర్యాద! వస్తానని నొక్కాను. రిటైరైనవాణ్ణి, నన్నింకెవరు పిలుస్తారు? పిలిచినవాళ్లని చిన్నబుచ్చకూడదనంతే.

మర్నాడు ఇంకోటి. అబ్బో, మీ దగ్గర పిలుపులకి కరువా! నేనక్కడ నొక్కితే ఇక్కడ ఆవిడ ఒప్పుకున్నట్టు పడుతుందని నాకేమైనా కలొచ్చిందా?

పాపం, ఒకే గంటలో మూడు గదుల్లో ఉండాల్సొచ్చిందట. మీ పెద్దసారు "మాట మీద నిలబడని మనిషి" అనేశాడట. నిన్న ఇంటికొచ్చి చెప్పుకుంటే ఇవాళ ఇలా పరిగెత్తుకొచ్చాను. అకౌంట్స్ హెడ్ కుర్చీ ఎవరిదో ఈ మధ్యాహ్నమే తేలుస్తారట కదా! ఆ కుర్చీ కోసం ఎంత చాకిరీ చేసిందో నాకు తెలుసు. మీ సర్వరే పాడైందని ఒక్క ముక్క చెప్పెయ్ నాయనా, నీకు పుణ్యముంటుంది.

ఆఁ? అలా చెబితే నీ ఉద్యోగానికి ఎసరా? అదీ నిజమేలే.

ఏంటి, తెరకేసి అలా చూస్తున్నావ్? సాయంత్రం మీటింగులన్నిటికీ 'రాను' అని ఉందా? ఏమో, వేలు జారిందేమో.

నవ్వకు. రోజూ అదే వేళకి జారుతుందా అంటే... సరే, జారలేదు. పొద్దుగూకితే ఇల్లు బావురుమంటుంది బాబూ. ఒక్కణ్ణే కంచం ముందు కూర్చోబుద్ధి కాదు. తొందరగా వచ్చెయ్యవే అని అడగడానికి మొహమాటం. 'రాను' అని నొక్కితే ఆ మీటింగు ఆవిడకి కనిపించేదే కాదు, వేళకి ఇంటికొచ్చేసేది. నన్నెవరూ పిలవడం లేదేంటని దిగులుపడేది కూడా. చూస్తూనే నొక్కాను. ఎంత పాపిష్టి వేలో చూడు!

పద, మీ పెద్దసారు దగ్గరికి తీసుకెళ్లు. ఆ నొక్కుళ్లన్నీ నావేనని నేనే చెప్తాను. తిడితే పడతాను.

కానీ ఎందుకు నొక్కానో మాత్రం ఆవిడ చెవిన వెయ్యకు. ముసలాడి చాదస్తం అనుకోనీ. అసలు సంగతి తెలిసిందా, పిచ్చిది, ఆ కుర్చీ వదిలేసి నిజంగానే ఇంటికొచ్చేస్తుంది.