ముప్ఫై ఒకటో నంబరు బండి రిపోర్టు

ఈ నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మన డైరెక్టరు, ఇంజనీరు జనాసి గారికి. నాకంటే ముందు ఈ డిపోలో చేతులు నల్లగా చేసుకుని, రిటైరై, ఇవాళ మొదటి వరసలో తెల్లచొక్కాలతో కూర్చున్న పెద్దలకు. డ్రైవర్లకు, తీగల ముఠాకు, యూనియన్ మిత్రులకు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నా గొంతు భరించిన వర్క్‌షాపు వాళ్ళకు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని "ఈయన ఎప్పుడు దిగుతాడా" అని చూస్తున్న ఫ్రాంకా గారికి, అందరికీ ఈ ఎర్మెస్ బోన్విచీని అనేవాడి నమస్కారాలు.

(నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన వక్తలు నన్ను చాలా పొగిడారు. జనాసి గారైతే, ఇటలీలో మన సైజు ఊళ్ళు ఒక్కొక్కటే తీగలు పీకేసి డీజిలు బస్సులు తెచ్చుకుంటుంటే మన నాలుగు ట్రాలీబస్సు లైన్లు ఇంకా నడుస్తున్నాయంటే దాని వెనక బోన్విచీని చేతులున్నాయన్నారు. "ఈయన సంతకం పెట్టిన బండి ఎక్కడానికి ఎవరూ రెండోసారి ఆలోచించక్కర్లేదు" అని కూడా అన్నారు. అప్పుడు మీరందరూ చప్పట్లు కొట్టారు, నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఉంటారు. కాదు. ఆ మాట వస్తుందని నాకు తెలుసు. ఆ మాట వచ్చాక ఏం చెప్పాలో నాలుగు కాగితాల మీద రాసుకొచ్చాను. కాగితాల చప్పుడు మైకులో వినిపిస్తే ఏమనుకోకండి.

మా ఆవిడ ఒర్నెల్లాకు ఈ సంగతి నిన్న ఉదయం చెప్పాను. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఇవాళ టై మాత్రం తనే కట్టింది. మామూలుకంటే బాగా గట్టిగా కట్టింది.

(నవ్వులు)

నవ్వండి, పర్వాలేదు. కాసేపట్లో నవ్వలేరు.

పదిహేడేళ్ళ కిందటి మాట. తొంభై మూడు నవంబరు. మూడు రోజులుగా ముసురు. అప్పట్లో ప్రతి బండీ డిపో దాటేముందు ఇన్‌స్పెక్టరు మీటరు పెట్టి, పైన తీగలో పారే కరెంటు బండి ఒంటికి ఎక్కుతోందా లేదా అని చూసి, అంకె రాసి, సంతకం పెట్టాలి. ఇప్పటికీ అదే నియమం. ఆ ఇన్‌స్పెక్టరును నేను. ఆ రోజు తెల్లవారుజామున ఇరవై రెండు బళ్ళున్నాయి, నా భుజాలు తడిసిపోయాయి, కాఫీ చల్లారిపోతోంది. మొదటి ఎనిమిది బళ్ళకు మీటరు పెట్టాను. మిగతా పధ్నాలుగింటికి కాఫీ బల్ల దగ్గర కూర్చునే అంకెలు వేశాను. అన్నిటికీ ఒకటే, సున్నా.

(సభలో కలకలం)

ఆ పధ్నాలుగింటిలో ఒకటి, నాలుగో లైనుకి వెళ్ళే ముప్ఫై ఒకటో నంబరు బండి. దాని డ్రైవరు లొరెట్టా గ్వాల్ది. ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయి. మన ఊళ్ళో ట్రాలీబస్సు స్టీరింగు పట్టుకున్న మొదటి ఆడమనిషి. పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ అమ్మాయి బండి ఆపి దిగొచ్చింది.

"మేస్త్రీ గారూ, తలుపు పక్క కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఒకసారి చూడరూ?" అంది.

నేను కుర్చీలోంచి లేవలేదు. "ఉన్ని స్వెటరు వేసుకుని బడాయిగా వస్తే చురుక్కుమనదా మరి? ఇంట్లో దువ్వెన పట్టుకున్నా చురుక్కుమంటుంది, పో" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ముగ్గురు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను. అన్నది నేను, నవ్వడం వాళ్ళ తప్పు కాదు.

"స్వెటరు కాదు మేస్త్రీ గారూ, నిజంగా..." అంది.

"అమ్మాయ్, బండి నడపడానికొచ్చావా, నా చేత సేవలు చేయించుకోడానికొచ్చావా? టైమైంది, కదులు" అన్నాను.

కదిలింది.

ఇంజనీరు గారూ, మీరు చెయ్యి ఊపుతున్నారు. ఏమిటంటున్నారు? "ఈ సంగతి రేపు నా గదిలో మాట్లాడుకుందాం" అంటున్నారా? రేపటికి నేను ఉద్యోగిని కాను సార్, మీ గదికి రావాలంటే కింద చీటీ రాయించుకోవాలి. ఇంకో పది నిమిషాలు ఇవ్వండి, చాలు.

ఎనిమిదింబావుకి ఆ బండి మిల్లు వంతెన స్టాపులో ఆగింది. లోపల నలభై మందికి పైనే ఉన్నారు. కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. గొడుగు పట్టుకున్న ఒకావిడ నీళ్ళలో ఒక కాలు ఉంచి, రెండో కాలు మెట్టు మీద పెట్టబోతూ కమ్మీ పట్టుకుంది. కెవ్వున అరిచి వెనక్కి పడింది. లేచి, గొడుగు అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆవిడ ఎవరో తర్వాత ఎంత వెతికినా దొరకలేదు.

లొరెట్టాకు వెంటనే అర్థమైంది. మెయిన్ స్విచ్చి కట్టేసింది. అయినా కప్పు మీంచి చిటపట చప్పుడు ఆగలేదు. అంటే కరెంటు స్విచ్చికి పైనుంచే, కప్పు మీద తీగల్ని అందుకునే రెండు గడల మొదట్లోంచే దిగుతోందన్నమాట. తలుపులన్నీ మూసేసింది. బండిలో ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ కాదు. ఒక కాలు నేల మీద పెట్టి, చెయ్యి బండిని పట్టుకుని ఉన్నవాడే పోతాడు. మనకిది పాఠం. జనానికేం తెలుసు?

"ఎవరూ దిగొద్దు, ఏ కమ్మీ ముట్టుకోవద్దు, నేను వెనక్కెళ్ళి గడలు దించేదాకా అలాగే ఉండండి" అని అరిచి చెప్పింది.

"ఏవమ్మా, పలకల ఫ్యాక్టరీలో నా షిఫ్టు నీకోసం ఆగుతుందా? తలుపు తియ్యి!" అన్నాడొకడు.

"ఆడదానికి బండిస్తే ఇంతే" అన్నాడు ఇంకొకడు.

ఆమె చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. తన తలుపు దగ్గర నిలబడి, రెండు కాళ్ళూ కలిపి, బండికి ఎక్కడా ఒళ్ళు తగలకుండా నీళ్ళలోకి దూకింది. వెనక్కి పరుగెత్తి గడకు కట్టిన తాడు లాగింది. ఒక గడ దిగింది. రెండోదాని తాడు తడిసి, చుట్టలో ఇరుక్కుపోయింది. అసలు కరెంటు దిగేది దాంట్లోంచే. దానితో పెనుగులాడుతుండగా లోపల ఎవరో ప్రమాదంలో తలుపు తెరిచే ఎర్రపిడి లాగేశారు. మధ్య తలుపు తెరుచుకుంది.

ఆ తలుపులో ఆర్జియా గారు నిలబడ్డారు. డెబ్భై ఒక్కేళ్ళావిడ, సంతకెళ్తోంది. ఎడమ చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకుని, కుడికాలు కిందికి జారుస్తోంది. కాలికీ నీళ్ళకూ మధ్య జానెడు కూడా లేదు.

లొరెట్టా తాడు వదిలేసి పరుగెత్తింది. చెప్పే వ్యవధి లేదు. ఆ తొడుగులున్న చేతులతో ముసలావిడ ఛాతీ మీద గట్టిగా ఒక్క తోపు తోసింది. ఆవిడ మెట్ల మీద వెల్లకిలా, బండి లోపలికి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆ విరిగిన చప్పుడు బయటికి వినిపించిందని లొరెట్టా తర్వాత విచారణలో చెప్పింది. అప్పుడు మళ్ళీ వెనక్కెళ్ళి, తాడు చేతికి చుట్టుకుని వేలాడి, రెండో గడ దించింది. ఇక బండి ఒట్టి రేకుల డబ్బా. అందరూ దిగారు. దిగినవాళ్ళందరూ ఆమెను తిట్టారు. ఫ్యాక్టరీ మనిషి కాలరు పట్టుకున్నాడు.

నేను వ్యానులో వెళ్ళేసరికి ఆమె వర్షంలో నిలబడి ఉంది. నన్ను చూడగానే, "పొద్దున చెప్పాను కదండీ" అంది. అంతే అంది. గట్టిగా కూడా అనలేదు.

(విరామం)

మంచినీళ్ళు ఇటివ్వండి. థాంక్స్, వాల్టర్.

మధ్యాహ్నం మూడింటికి ఆ బండిని మన షెడ్డులో తీగ కింద పెట్టి, గడలు తగిలించి, ఎవర్నీ రానివ్వకుండా తలుపు వేసుకున్నాను. గొట్టంతో కప్పు మీద నీళ్ళు కొట్టాను. మీటరు పెట్టాను. పైకెక్కి చూస్తే గడ మొదట్లో, కరెంటు బండి ఒంటికి దిగకుండా ఆపే పింగాణీ దిమ్మ నిలువునా చీలి ఉంది. పగులులో మసి. ఒక్క రోజులో వచ్చింది కాదది. పొద్దున నిజంగా మీటరు పెట్టి ఉంటే ముల్లు కదిలేది, బండి గేటు దాటేది కాదు.

ఆ వారంలోనే వర్క్‌షాపు హెడ్డు పోస్టుకి పేర్లు వెళ్తున్నాయి. నా పేరు పైనుంది. ఇదే కారణమని చెప్తే సగం నిజం. మిగతా సగం, భయం. జైలు భయం, పేపర్లో ఫోటో భయం, ఆ ముసలావిడ కొడుకు మన గేటు దగ్గర నిలబడ్డ తీరు చూస్తే పుట్టిన భయం. చీలిన పింగాణీ తీసి కొత్తది పెట్టాను. రిపోర్టులో "దోషమేమీ కనబడలేదు" అని రాశాను.

విచారణలో ముగ్గురు అధికారులు అడిగారు. "ఆ ఉదయం డ్రైవరు మీకేమైనా ఫిర్యాదు చేసిందా?" నేను లేదన్నాను. ఆమె బల్లకి అవతల కూర్చుని ఉంది. నా మొహం వైపే చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆ ఉదయం నవ్వినవాళ్ళెవర్నీ విచారణకు పిలవలేదు.

బండికి దోషం లేదంటే ఇక మిగిలింది ఏమిటి? ఒక డ్రైవరు లేనిపోనిది ఊహించుకుని నలభై మందిని బంధించింది, ఒక వృద్ధురాలిని తోసి ఎముక విరగ్గొట్టింది. పేపర్లో "హడలిపోయిన డ్రైవరమ్మ" అని వేశారు. ఆమెను స్టీరింగు మీంచి దించి, మరిచిపోయిన వస్తువుల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. రోజూ మన డ్రైవర్లే గొడుగులు తెచ్చిచ్చి, "చురుక్కుమంటుందేమో, చూసి పట్టుకో" అనేవాళ్ళు. పదకొండు నెలలు భరించింది. రాజీనామా చేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆమె పేరెత్తలేదు.

నేను వర్క్‌షాపు హెడ్డునయ్యాను. ఆర్జియా గారు మరో ఆరేళ్ళు బతికారు. చేతికర్రతో నాలుగో లైను ఎక్కేవారు. కనిపించినప్పుడల్లా "ఆ పిచ్చిపిల్ల నన్నిలా చేసింది నాయనా" అనేవారు. ఆ పిల్ల తోయకపోతే ఆవిడ ఆ మెట్టు మీదే పోయేది. నాకు తెలుసు. నేను తలూపేవాణ్ణి. ఆరేళ్ళు ఊపాను.

పోయిన ఆదివారం కొండల్లో లొరెట్టా ఉంటున్న ఊరికి వెళ్ళాను. అక్కడామె బడిపిల్లల బస్సు నడుపుతోంది. వాకిట్లో బస్సు అద్దాలు తుడుస్తోంది. నన్ను లోపలికి రమ్మనలేదు.

"శుక్రవారం నా వీడ్కోలు సభ" అన్నాను.

"కేకు తినమని పిలవడానికొచ్చారా?"

"కాదమ్మా. ఆ రోజు సంగతి అందరి ముందూ చెప్దామని."

"చెప్పి?"

"చెప్పి... నీ మీద పడ్డ నింద..."

"దాన్ని పదిహేడేళ్ళుగా నేను మోస్తూనే ఉన్నాను, అలవాటైపోయింది. మీ గుండె తేలిక చేసుకోడానికైతే చర్చి ఆ మలుపులోనే ఉంది, వెళ్ళి ఫాదరు చెవిలో చెప్పుకోండి. అక్కడ చెప్పేటట్టయితే మాత్రం ఒక్క ముక్క తగ్గించి చెప్పకండి. స్వెటరు సంగతితో సహా చెప్పాలి."

"నువ్వొస్తావా?"

"రాను" అంది. మళ్ళీ గుడ్డ పిండుకుని అద్దం తుడవడం మొదలుపెట్టింది.

ఇందాక ఇంజనీరు గారు నన్ను పొగుడుతున్నప్పుడు వెనక తలుపు తీసుకుని ఒకావిడ వచ్చి చివరి వరసలో కూర్చుంది. పాతవాళ్ళు ఆమెను గుర్తుపట్టారో లేదో నాకు తెలియదు.

(అందరూ వెనక్కి తిరుగుతారు)

ఇంజనీరు గారూ, ఇది ఆ రోజు నిజంగా జరిగినదాని రిపోర్టు. నా సంతకం ఉంది. ఒక ప్రతి మీకు, ఒకటి యూనియన్‌కు, ఒకటి పేపరు వాళ్ళకు పోస్టులో వేసే వచ్చాను. కాబట్టి మీ సొరుగులో పెట్టేసినా లాభం లేదు. దీనికి నా మీద ఏం చర్య తీసుకున్నా మా ఇల్లెక్కడో మీకు తెలుసు. గ్వాల్ది ఫైల్లో ఉన్న ఆ మాటలు కొట్టేయించండి. నేను అడిగేది అదొక్కటే.

(చివరి వరస నుంచి ఒక గొంతు: "మేస్త్రీ గారూ, షెడ్డులో మీటరు పెట్టానన్నారు. ఎంత చూపించింది?")

నాలుగువందల ముప్ఫై వోల్టులమ్మా.

("నాలుగువందల ముప్ఫై?")

అవును. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అంతే.

(చివరి వరసలోని ఆవిడ లేచి తలుపు వైపు నడుస్తుంది)

దయచేసి ఎవరూ ఆమెకు అడ్డం వెళ్ళకండి. వాల్టర్, కూర్చో. ఆమెతో మాట్లాడాలని ఇప్పుడు మీకనిపిస్తుంది, కాని ఆమెకు అనిపించాలి కదా. ఆమె క్షమించడానికి రాలేదు. ఆ అంకె కోసం వచ్చింది. పదిహేడేళ్ళుగా అది నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు తీసుకుని వెళ్తోంది. వెళ్ళనివ్వండి.

ఓపిగ్గా విన్న పెద్దలకు, మధ్యలో మైకు కట్టేయించని ఇంజనీరు గారికి, ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళమనగల హక్కుండీ నా కోసం ఇంకా ఇక్కడే కూర్చున్న ఒర్నెల్లాకు నా కృతజ్ఞతలు. వర్క్‌షాపు పిల్లలూ, మీతో ఒక్క మాట. రేపు వర్షమంటున్నారు. బండికి మీటరు పెట్టండి, చూపించిన అంకె రాయండి, ఎవరైనా వచ్చి చెయ్యి చురుక్కుమంటోందంటే కుర్చీలోంచి లేవండి.

సెలవు.