పేరు ముందు 'లేట్'

నోరు ఇంకా పెద్దగా తెరవండి సిస్టర్. ఆ రోజు ఎంత బాగా తెరిచారు! "తల్లీ తండ్రీ ఇద్దరూ వస్తేనే ఇంటర్వ్యూ" అని. గుర్తు రాలేదా? ఉండండి, మాస్కు తీస్తాను. పదమూడేళ్ళ కిందట మీ ఆఫీసు గదిలో మూడేళ్ళ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే. నేను చదువుకున్న బడే కదా, కాదనరులే అనుకుని వచ్చాను.

ఆఁ, లేవకండి. నోట్లో దూది ఉంది. మత్తు సూది సరిగ్గానే వేశాను, కంగారు పడకండి. పన్ను పీకేలోపు దవడ మొద్దుబారడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ నావి.

ఏం అడిగారు మీరు? "తండ్రి పోయాడా, వదిలేశాడా?" అని. పిల్ల వింటోంది సిస్టర్! వదిలేశాడన్నాను. టక్కున పెన్నుకి మూత పెట్టేశారు. "పోయుంటే ఆలోచించేవాళ్ళం. ఇలాంటి ఇళ్ళ పిల్లల్ని చేర్చుకుంటే మిగతావాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. ఇలాంటి ఇళ్ళట! మా గడప ఎప్పుడైనా తొక్కారా?

సరే, తండ్రి పోయుండాలి, అంతే కదా అనుకున్నాను. ఊరికి అటు చివర మీవాళ్ళదే ఇంకో బడి ఉందిగా. అక్కడ దరఖాస్తులో ఆయన పేరు ముందు 'లేట్' అని రాశాను. కాగితాలడుగుతారేమో అని భయపడ్డాను. అడగలేదు సరికదా, పాపం అని పిల్ల తల నిమిరి సీటిచ్చారు.

అక్కడో పద్ధతుంది, మీకు తెలిసే ఉంటుంది. ఏటా ఒక రోజు పిల్లల చనిపోయిన తల్లిదండ్రుల పేర్లు చదివి ప్రార్థన చేయిస్తారు. వాళ్ళ నాన్న పేరు వినగానే నా కూతురు లేచి వెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తుంది. నిక్షేపంలా తిరుగుతున్న మనిషికి, ఇన్నేళ్ళుగా!

మొన్న ఆ చచ్చినవాడు ఫోన్ చేశాడు. కూతుర్ని చూడాలట.

అది బయట కూర్చునుంది సిస్టర్. ఈ రోజు మీరొస్తున్నారని తెలిసి నేనే రమ్మన్నాను. "మీ నాన్న బతికే ఉన్నాడు, మీ అమ్మచేత ఆ అబద్ధం రాయించింది నేనే" అని మీ నోటితోనే చెప్పాలి. మాట ముద్దముద్దగా వస్తుంది, ఫర్వాలేదు.

ఏంటలా చూస్తారు? తల అడ్డంగా ఊపకండి, దూది జారుతుంది.

మీరు రాయమనలేదంటారా? అవును, అనలేదు. ఇంకోటి కూడా చెప్పనా? అది రాస్తుంటే ఎంత హాయిగా ఉందో! అక్షరాలు మళ్ళీ దిద్ది మరీ వాణ్ణి చంపాను. సీటు ఒట్టి వంక.

అయినా మీరే చెప్పాలి. నేను చెబితే అది ఇక నా మొహం చూడదు.

దూది తీసేశాను, పుక్కిలించి ఉమ్మేయండి. పిలుస్తున్నాను.