కమ్మిన గంపలు

ఏంది వదినా, ఆ నూకలు ఎవరి కోసం చెరుగుతున్నావు?

తినటానికి ఒక్కటన్నా మిగిలిందా నీ వాకిట్లో? ముప్పైరెండు కోళ్లూ పోయి పదకొండు రోజులైంది. ఇంకా పొద్దున్నే లేవటం, చేట పట్టుకుని మెట్టు మీద కూర్చోటం. నువ్వేమన్నా తిన్నావా అంటే అది మాత్రం లేదు. పొయ్యిలో బూడిద కూడా తియ్యలేదు, చూస్తున్నాగా.

ఆ చేట ఇట్టా ఇయ్యి. ఇయ్యవా? సరే, చెరుక్కో.

అట్టా చూడమాకు. అవును, నేనే, కమలాకుమారిని, గోడవతల దాన్ని. మూణ్ణెల్లయింది నీ గడప తొక్కి. పిలవకుండానే వచ్చా. పొమ్మంటే పోతా, కాకపోతే చెప్పాల్సింది చెప్పి పోతా.

ఈ గంప కింద ఏముందో అడగవేంది? పెట్ట. ఇదిగో, కాస్త ఎత్తుతా చూడు. మెడ మీద ఈక లేదు.

ఆగిందిగా నీ చెయ్యి.

గుర్తుపట్టావులే. ఎందుకు పట్టవు? శాంతయ్యన్నయ్య ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, కారేజీ సంచిలో పెట్టుకొచ్చిన బోసిమెడ పెట్ట సంతతిగా ఇది. బట్టతల కోడిని తెచ్చుకున్నాడు మీ ఆయన అని ఆ రోజు నవ్వింది నేనే. ఆయన పోయాక ఆ ఒక్క పెట్టనీ పెట్టుకుని వాకిలి నింపావు. నూకలు చల్లేటప్పుడు అచ్చం ఆయన పిలిచినట్టే బా బా బా అని పిలిచేదానివి. నాకు దాంతోనే తెల్లారేది వదినా. ఇప్పుడు ఏ టయానికి లేవాలో తెలీట్లేదు నాకు.

ఇది నా కాడికెట్టా వచ్చిందో చెప్పనా? నీకు తెలుసులే, అయినా నా నోటితో చెప్తా.

ఆర్నెల్ల కిందట నీ బోసిమెడది గోడ దూకొచ్చి మా పుల్లల మోపు వెనకాల తొమ్మిది గుడ్లు పెట్టింది. నీదని తెలుసు నాకు. తెలిసే తీసుకెళ్లి నా పొదుగు పెట్ట కింద పెట్టా. ఏడు పిల్లలయ్యాయి. అందులో నాలుగింటికి మెడ బోసి. దాద్దామన్నా దాగే మెడలా అవి?

నువ్వు మెల్లగానే అడిగావు. కుళాయి కాడ, బిందె కింద పెట్టి, "కమలా, అవి నా పెట్ట పిల్లలేమో, ఒక్కటిచ్చినా చాలు" అన్నావు. నేనేమన్నా? నలుగురూ వింటుండగా, వాటి మెడ మీద నీ పేరు రాసుందా అన్నా. అంతటితో ఆగానా, మొగుడు పోయి కోళ్ల పిచ్చి పట్టింది దీనికి అని కూడా అన్నా.

నువ్వు బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయావు. సగం బిందె. ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

దొంగతనమే చేసా. ఇదొకటి తెచ్చా, మిగతా ఆరూ సాయంత్రం తెస్తా. నీవి నీకే.

అయ్యో, దణ్ణమెందుకు పెడతావు? దించు వదినా ఆ చేతులు, నీకు పుణ్యముంటది.

ఏమంటున్నావు? నీ తప్పా? పేట సంతలో ఆ కొత్త పుంజుని కొనకపోతే జబ్బు వచ్చేది కాదంటావా? అన్నయ్య ఇచ్చినవాటిని నీ చేత్తో నువ్వే చంపుకున్నావా?

ఇట్టా అనుకుంటున్నావా ఇన్ని రోజుల్నించీ, ఇక్కడ కూర్చుని?

అదే పుంజు గోడ దూకి మా వాకిట్లో తిరగలా? నా కోళ్లతో కలిసి మేయలా? మరి నావి ఎందుకు చావలేదు? ఆ మాట ఒక్కసారన్నా అనుకున్నావా వదినా?

మందు వేయించా. కొక్కెర తెగులుకి ముక్కులో వేసే చుక్క. పోయిన నెల పశువుల ఆసుపత్రి సతీష్‌బాబు ఐస్ డబ్బా పెట్టుకుని వచ్చాడే, ఆ రోజు.

ఆ మందు సంగతి నీకు తెలియందేముంది. ఒక్క సీసా నూరు కోళ్లకొస్తది. కలిపాక రెండు గంటలే, తర్వాత నేలపాలు. అందుకేగా వీధిలో కోళ్లన్నిటినీ ఒక్క వాకిట్లోకి చేర్చేది. ఎప్పుడూ నీ వాకిట్లోనేగా. నువ్వు ఒక్కోదాన్నీ పట్టి ఇస్తుంటే నేను రెక్కలు కదలకుండా అదిమి పట్టేదాన్ని.

ఈసారి ఆయన ఫోన్ నాకు చేసాడు. పున్నమ్మ గారికి కూడా చెప్పండి అన్నాడు. చెప్తానండి అన్నా. మిగతా ఇళ్లన్నిటికీ చెప్పా. మా వాకిట్లోనే వేయించా. పున్నమ్మ గారివి రాలేదేంటండీ అని ఆయన అడిగితే, నందిగామ వెళ్లిందండి, ఇంట్లో లేదండి అన్నా.

అరసీసా మిగిలింది. నా కళ్లముందే మా జామచెట్టు మొదట్లో పారబోసాడు. నీ ముప్పైరెండింటికీ వేసినా ఇంకా మిగిలేది.

ఉండు, అప్పుడే మొహం తిప్పుకోమాకు. చెప్పలేక చస్తున్నది ఇది కాదు.

ఆ రోజు నువ్వు కోళ్లని వదల్లేదు. అందరూ తలా ఓ గంప ఎత్తుకుని నీ ఇంటి ముందునుంచేగా మా ఇంటికొచ్చింది, నువ్వు చూసుంటావు. పదిన్నరైనా నీ గంపలు కమ్మినవి కమ్మినట్టే ఉన్నాయి. లోపల అవి ఆకలికి అరుస్తున్నాయి. నువ్వు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఇదే మెట్టు మీద మా గోడ వైపు తిరిగి కూర్చున్నావు.

నేను పిలుస్తానని.

చూసా వదినా. గోడ మీంచి చూసా. ఒక్క కేకేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కుళాయి కాడ అన్న మాట అడ్డమొచ్చింది. పడ్డదానివి నువ్వు సర్దుకుని కూర్చున్నావు, అన్నదాన్ని నాకు సిగ్గేసింది.

సతీష్‌బాబు బండి మలుపు తిరిగాక నువ్వు గంపలు ఎత్తటం వినపడింది. ఒక్కోటీ, ఒక్కోటీ. తర్వాత బా బా బా అని పిలిచావు. అంత సన్నగా నువ్వెప్పుడూ పిలవలేదు వదినా.

తిట్టు నన్ను. ఆ చేట తీసుకుని నెత్తిన కొట్టు. ఊరికే ఉండమాకు.

ఏంది, లేస్తున్నావు? గంప ఎత్తుతావా? ఎత్తు. మెల్లగా, అది బెదురుద్ది.

చల్లు. నూకలు చల్లు. పిలువు వదినా, ఎన్నాళ్లయిందో ఆ పిలుపు విని.

అయ్యో. ఇటెందుకొస్తున్నావే? నా కాళ్ల కాడికి కాదే, అటు పో. పిలుస్తుంది నీ మనిషే, పో. మళ్లీ పిలువు వదినా, ఇంకోసారి పిలువు.

ఏడవమాకు. నీ పిలుపు దానికేం తెలుసు, నా వాకిట్లో పుట్టె. మేత వేసింది నేనాయె. నేనెవరో దానికేం తెలుసు.