పై పళ్ళు ముందొచ్చిన పాప, మా దేవకుమారి గారు

1969వ సంవత్సరం జూన్ పదహారవ తేదీ, సోమవారం నాడు శ్రీమతి దేవకుమారి గారు జంగారెడ్డిగూడెంలోని ఒక చిన్న వైద్యశాలలో దంత విభాగపు సహాయకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అక్కడ పదిహేనేళ్ళ సేవానంతరం 1984లో రాజమండ్రిలోని మన ఆసుపత్రికి బదిలీపై విచ్చేసి, 2003 జూలై 31న, అనగా నేడు, పదవీ విరమణ చేయుచున్నారు. ఆవిడ గది మా మందుల గదికి ఎదురు. అంచేత ఈ వ్యాసం రాసే హక్కు ఫార్మసిస్టునైన నాదేనని సావనీరు కమిటీ వారితో పోట్లాడి మరీ తెచ్చుకున్నాను.

చీటీ మీద ఇంగ్లీషు మాటలు చూసి బెంబేలెత్తే తల్లిదండ్రులకు వాటిని విప్పి చెప్పమని ఆవిడ ఉద్యోగ నిబంధనల్లో ఎక్కడా లేదు. అయినా ముప్ఫై నాలుగేళ్ళు చెప్పారు. ప్లాక్ అంటే గోటితో గీస్తే వచ్చే పాచి అనీ, అది గట్టిపడితే గార అనీ, కేవిటీ అంటే పిప్పి పన్నులో పడ్డ గొయ్యి అనీ, ఎబ్సెస్ అంటే వేరు దగ్గర చీముగడ్డ గనుక పాల పన్నే కదా అని ఊరుకోరాదనీ విసుగు లేకుండా వివరించేవారు. పిల్లాడికి రూట్ కెనాల్ అనగానే లేచి నిలబడ్డ కోరుకొండ రైతు గారిని కూర్చోబెట్టి, వేసవిలో కాలవ పూడిక తీయించరా అండీ, పంటి లోపల సంగతీ అంతేనని ఒప్పించారు. ఆయన ఆ మరుసటి వారం రెండో పిల్లాణ్ణి కూడా తీసుకొచ్చారు.

ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళడమంటే మాత్రం నాకు మొదటి నుంచీ జంకే. గోడ బల్ల మీద సున్నపు రంగు దవడల అచ్చులు, ముఖాలు లేని నోళ్ళు, వరుసగా గుమ్మం వైపే తెరుచుకుని ఉండేవి. వాటి మధ్య ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా తిరిగేవారు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ పళ్ళు, ఒక్కసారి నేను తప్ప, మాలో ఎవరం చూడలేదంటే అతిశయోక్తి కాదు. ఆఫీసు గోడ మీద ఉన్న ఐదు గ్రూపు ఫొటోల్లోనూ ఆ కొంగు అలాగే ఉంది. మందుల వాసన పడక కాబోలని నేను అనుకునేవాణ్ణి.

1993 ఆషాఢంలో మా చెల్లెలు వెంకటదుర్గ కూతురు హారతికి తొమ్మిదో నెలలో పై పళ్ళు రెండూ ముందుగా వచ్చాయి. అలా వస్తే మేనమామకు గండమని మన వైపు అందరి నోటా ఉన్న మాటే. ఆ పిల్లకు మేనమామను నేనొక్కణ్ణే. ఆ వారమే నేను మెట్ల మీంచి జారాను. మర్నాడు మందుల బీరువా ఒకటి నేను పక్కకు జరిగిన క్షణానికి, నేను నిలబడిన చోటే పడింది. చదువుకున్నవాణ్ణి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ శాంతి చేయించింది. కంచు గిన్నెలో నూనె పోసి, వెనకాల పాపను ఎత్తుకుని చెల్లెలు కూర్చుంటే, నేను వంగి ముందుగా నూనెలోనే పాప ముఖం చూడాలి. చూశాను. పాప నవ్వుతోంది, రెండు పళ్ళూ తెల్లగా కనిపించాయి. పక్కన ఉండవలసిన నా ముఖం లేదు. ఎవరికీ చెప్పలేదు. అమ్మ మాత్రం నా రంగు చూసి, ఆ పళ్ళు పీకించేస్తే గండం పోతుందంది. చెల్లెలు ఏడ్చింది గానీ అడ్డు చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ పసిదాన్ని నేనే భుజాన వేసుకుని దేవకుమారి గారి గదికి తీసుకెళ్ళి, డాక్టరు గారితో చెప్పి ఈ రెండూ తీయించమన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తలుపు వేసి, కిటికీ తెర దించి, ఎవరో ఐదేళ్ళ పిల్లాడి ఎక్స్‌రే ఫిల్మును దీపం ముందు పెట్టారు. చిన్న పళ్ళ వరుస వెనక, ఎముక లోపల, ఇంకో పెద్ద పళ్ళ వరుస చీకట్లో నిలబడి ఉంది.

"ఇవి చిగురు చీల్చుకుని పైకి రావడాన్నే ఎరప్షన్ అంటారండి. మీ పాప పాల పళ్ళు కూడా పుట్టకముందు నుంచే లోపల వరుస కట్టి ఉన్నాయి. ఏది ముందైనా, ఎవరి కోసమూ రావట్లేదు, దొరబాబు గారూ."

నూనె సంగతి అప్పుడు చెప్పాను. దీపం పాప వైపు ఉండి ఉంటుందన్నారు. నేను నమ్మినట్టు కనిపించలేదేమో, ఆవిడ కొంగు తీశారు. అందరికీ ఉండే పళ్ళే.

"నాకూ పైవే ముందండి. నా బాప్తిస్మం విందులో అన్నం పెడుతుంటే మా అమ్మ వేలికి మొదటిసారి తగిలాయట. మావయ్య జ్వరంతో పోయారు. నా వల్లేనని మా అమ్మమ్మ నన్ను నవ్వనిచ్చేది కాదు. ఇరవై మూడో ఏట చర్చి రిజిస్టరు చూశాను. మావయ్యని సమాధి చేసింది ఆ విందుకి పదకొండు రోజుల ముందండి."

మరి ఆ మాట అమ్మమ్మతో చెప్పలేదా అని అడిగాను.

"చెప్పాను. ముందు నోరు ముయ్యమంది."

నా భుజం మీద హారతి అప్పుడే నవ్వింది. ఆవిడ వెంటనే కొంగు పైకి లాక్కోబోయి, ఆగారు. నేను పాపను ఇంటికి తీసుకెళ్ళి, ఒక్క పన్ను కదిపినా ఊరుకోనని అమ్మతో మొదటిసారి గట్టిగా పోట్లాడాను.

పదేళ్ళయింది. ఆ రెండు పాల పళ్ళూ వాటంతట అవే ఊడి, కొత్తవి వచ్చాయి. ఈ నాటి సభలో దేవకుమారి గారికి పూలమాల వేయబోయేది ఆ హారతే. తల్లీ, నీకు తెలియని ఈ సంగతి నువ్వు ఇక్కడే చదువుతావు, మావయ్యను క్షమించు. ఆ కంచు గిన్నె మా అటక మీద ఉంది. మళ్ళీ నూనె పోసి చూసే ధైర్యం మాత్రం ఈ రోజుకీ నాకు రాలేదు.

దేవకుమారి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనుమల సందడి మధ్య నిండు నూరేళ్ళు చల్లగా వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. అమ్మా, సభ కాగానే ఆరో గ్రూపు ఫొటో తీస్తారు. ఈ ఒక్కసారి కొంగు తీసేసి నవ్వండి. ఒక పక్క హారతి ఉంటుంది, ఇంకో పక్క ఆమె మేనమామను నేను నిలబడతాను. నాకేమీ కాదండి.