తడి మోకు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు వానాకాలం. సూర్యాపేటలో బియ్యం మిల్లు ముందర, జానమ్మ చాయ్ హోటల్లో ఐలన్న కోతలు కోయడం మొదలుపెట్టాడు. బయట లారీలో ఎనభై బస్తాలకు పొద్దున లావుపాటి మోకుతాడు కట్టిన హమాలీ ఆయనే. ఆ లారీని కోదాడ తోలాల్సింది యాకోబు. అతనికిదే మొదటి కిరాయి. పోయిన వారమే మునగాల మలుపులో బస్తాలు జారి ఒక లారీ బోల్తా పడింది, డ్రైవరు ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. యాకోబుకు అదే భయం. ఐలన్న మాటలతో ధైర్యం తెచ్చుకుంటూ కూర్చున్నాడు.

"నేరేడుచర్ల నుంచి గరిడేపల్లి దాక అన్నీ గుంతలే తమ్మీ. ఒక్కపాలి గా తొవ్వల పోతె నా లోడుల ఒక్క బస్తా కదిలితె ఒట్టు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? నడిగూడెం వాగుల లారీ బోర్ల పడ్డది. చక్రాలు మీదికి తిరుగుతున్నయి, ఒక్క గింజ రాలలే."

"మరి డ్రైవరు?" అన్నాడు యాకోబు.

"ఆయన్ని గూడ సీటుకు కట్టిననాయె. తలకిందులుగనే బీడి తాగుతున్నడు. గంతల వరదొచ్చె. మోకు కొస ఒడ్డు మీది తుమ్మచెట్టుకు సుట్టుకునె. లారీ కొట్టుకపోలే, వాగే ఆగింది. ఇగ కోదాడ పొలిమేరల ముడి ఇప్పుదామంటె ఊడదు. పన్నెండు జతల ఎద్దుల్ని కట్టి గుంజిర్రు. ముడి ఊడలే గాని, కోదాడే రెండు మైళ్లు ఇటు జరిగింది. మైలురాయి జరగలే, ఇంకా పాత లెక్కనే సూపిస్తది."

యాకోబు నోరు తెరుచుకునే ఉండిపోయాడు. ఇలాంటి చేయి పడ్డ లోడు తనకు దొరికిందంటే అదృష్టమే అనుకున్నాడు.

గ్లాసులు కడుగుతున్న జానమ్మ తలెత్తలేదు. "అన్నా, మోకు కట్టినోడే లోడెక్కి తొవ్వల వాగు దాటేదాక పోవాలె గద, మీ హమాలోళ్ల పద్ధతి. నువ్వేంది, పొద్దటి సంది కాలు నొస్తుందంటున్నవ్?"

ఐలన్న గ్లాసు కింద పెట్టి లారీ దగ్గరికి నడిచాడు. యాకోబు వెనకాలే పోయాడు. ఐలన్న ఒక్క చేత్తో గుంజగానే మోకు జారి వచ్చింది.

"వానల తడి మోకు కట్టిన తమ్మీ. ఎండ తగిలి వదులైంది" అన్నాడు ఐలన్న, తల దించుకుని.

తర్వాత గంటసేపు ఆయన మోకు పనిలోనే ఉన్నాడు. లారీ పక్క చెక్కకు కాలు తన్నిపెట్టి, అరచేతులు ఒరుసుకుపోయేలా గుంజి, ఒక్కో ముడీ కొత్తగా వేశాడు. కోతల్లో లేని గొప్పతనం ఆ చేతుల్లో చూసి యాకోబు నిలబడిపోయాడు. చివరి ముడి అయ్యాక, ఎవరూ చెప్పకుండానే ఐలన్న లోడెక్కి కూర్చున్నాడు.

"మెల్లగ పోనియ్ తమ్మీ" అన్నాడు పైనుంచి. "కోదాడ యాడికి పోదు."